పాలకూర మడి కింద

ఆ బడిలో డ్రాయింగ్ టీచర్ అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరి నోటా వినబడేది కాదు. పిల్లలందరికీ ఆమె అమ్మో టీచర్. బల్ల మీది డస్టర్ కింద పడితే అమ్మో, కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటే అమ్మో, వెనక బెంచీలో ఎవరైనా గట్టిగా తుమ్మితే అమ్మో. మొదట్లో పిల్లలు చాటుగా అనుకునేవారు. ఒకరోజు ఒకటో తరగతి పాప ఎదురుగా వచ్చి నిలబడి, ఎంతో మర్యాదగా, "అమ్మో టీచర్, నా పెన్సిల్ చెక్కిపెట్టరా?" అని అడిగేసింది. ఆమె నవ్వుతూ చెక్కిపెట్టింది. ఇక ఆ పేరే ఖాయమైపోయింది.

భయం ఆమెకి పుట్టుకతోనే వచ్చింది. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వచ్చి, వేశానో లేదో అని మళ్ళీ వెనక్కి పరిగెత్తేది. గ్యాస్ కట్టేశానా, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశానా అని బస్సులో కూర్చుని వేళ్ళు విరుచుకునేది. భర్త ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు, సరదా మనిషి. "నీకు భయం వెయ్యని రోజంటూ వస్తే, ఇవాళ ఎందుకు వెయ్యట్లేదా అని హడలి చస్తావు" అని ఏడిపించేవాడు. అత్తగారు మాత్రం కోడల్ని వెనకేసుకొచ్చేది. "నీకు లేని జాగ్రత్తంతా అది ఒక్కతే మోస్తోందిరా, నోరు మూసుకో."

అలాంటి మనిషి నెత్తిన బడి తోట వచ్చి పడింది.

ప్రతి బడిలోనూ పిల్లల చేత కూరగాయలు పండించాలనీ, చెత్త తగలబెట్టకుండా ఎరువు చెయ్యాలనీ, నీళ్ళు వృథా కాకుండా చూడాలనీ పై నుంచి ఉత్తర్వులు వచ్చాయి. లెక్కల టీచర్‌కి నడుం నొప్పి, సైన్సు మాస్టారికి పై తరగతుల పరీక్షలు. హెడ్మిస్ట్రెస్ డ్రాయింగ్ గదిలోకి వచ్చి, గోడ మీద ఆరేసిన బొమ్మల్ని చూస్తూ, "బొమ్మలు వేసే చేత్తోనే మొక్కలు కూడా వెయ్యమ్మా. రెండూ వెయ్యడమేగా!" అంది.

"మేడం, నాకు వానపాములంటే భయం."

"వాటికీ నువ్వంటే భయమే. సరిపోయింది."

బడి వెనక, నీళ్ళ ట్యాంకుకీ ప్రహరీ గోడకీ మధ్య ఖాళీ జాగా ఉంది. పాత బెంచీలు, విరిగిన నల్లబల్లలు పడేసేవాళ్ళు అక్కడ. పిల్లలు వాటిని మోసి ఒక మూలకి చేర్చారు. గడ్డి పీకారు. మొదటిరోజు మట్టి తవ్వుతుంటే ఆరో తరగతి పిల్ల ఒకతి, రెండు జడలు నడుం దాకా వేలాడే పిల్ల, దోసిట్లో వానపామును పట్టుకొచ్చి, "చెయ్యి పట్టండి టీచర్, ఏం చెయ్యదు" అంది. చుట్టూ పిల్లలు మూగారు. అందరి కళ్ళూ తన మీదే. ఆమె కళ్ళు మూసుకుని అరచెయ్యి చాపింది. చల్లగా, మెత్తగా ఏదో కదిలింది. "అమ్మో" అంది. కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ తరువాత మెల్లగా ఆ పని ఆమెని లోబరుచుకుంది. కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు, పెన్సిల్ చెక్కిన పొట్టు ఒక గుంటలో పొరలు పొరలుగా వేయించింది. రెండు మూడు నెలల్లో అది నల్లగా, పొడిపొడిగా, వాన పడినప్పటి వాసన వేస్తూ ఎరువైపోయింది. చేతులు కడిగే కొళాయిల దగ్గర నుంచి సన్నటి కాలువ తీసి, ఆ నీళ్ళు మడుల్లోకి పారేలా చేశారు. మొదట సబ్బు నీళ్ళకి మొలకలు వాడిపోయాయి. అప్పుడు సబ్బుతో కడిగే కొళాయి వేరు, ఊరికే కడిగే కొళాయి వేరు చేశారు. ఎండ ఎటు నుంచి వస్తుందో, నీడ ఎప్పుడు గోడ దిగుతుందో పిల్లల చేత బొమ్మలు వేయించింది. పాలకూర, ముల్లంగి, టమాటా, చిక్కుడు. మొదటిసారి పాలకూర కోసి, ఉడకబెట్టి, ఉప్పేసి, నిమ్మకాయ పిండి అందరికీ తలా కాస్త పెడితే, ఆకుకూర అంటే మొహం తిప్పుకునే పిల్లలు కూడా గిన్నెలు నాకారు.

అందరికంటే ఎక్కువగా ఆ మడుల్లో బతికింది ఆమె కూతురు పండు. అదే బడిలో మూడో తరగతి. బడి వదిలాక తల్లి పని ముగిసేదాకా తోటలోనే ఉండేది. ముల్లంగి పీకి, గౌనుకి తుడుచుకుని, కరకరా నమిలేది. గోళ్ళ నిండా మట్టి. తల్లి అరిస్తే, "మన మట్టేగా అమ్మా" అనేది.

ఆ నెలల్లో ఆమె వేళ్ళు విరుచుకోవడం తగ్గింది. ఒకసారి తాళం వేసి, వెనక్కి తిరిగి చూడకుండానే బస్సెక్కేసింది. భర్త ఆ సంగతి ప్రెస్సులో అందరికీ చెప్పాడట.

ప్రహరీ గోడ పక్క మూలలో మాత్రం ఏం వేసినా రాలేదు. మొలకెత్తినవి కూడా పసుపు పచ్చగా తిరిగి పడిపోయేవి. నేల గట్టిగా ఉందేమోనని, ఆ మూల లోతుగా తవ్వమంది. గునపం కింద ఏదో కరకరలాడింది. నల్లటి పెంకులు, మందంగా, అంచులు పదునుగా. వాటి మధ్య బూడిదరంగు ముద్దలు, పిడికిలంత ఉన్నా ఎత్తితే చెయ్యి కిందికి జారేంత బరువు. పిల్లలకి అవి తెగ నచ్చాయి. పెంకుల్ని మడుల చుట్టూ గట్టులా గుచ్చారు. ముద్దల్ని పాదుల మీద కప్పిన పాత గుడ్డలు ఎగిరిపోకుండా పెట్టారు. ఆమె కూడా ఒక ముద్దని సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చింది. ఫ్యాను గాలికి బొమ్మల కాగితాలు ఎగిరిపోతుంటాయి, బరువుకి పనికొస్తుందని.

సాయంత్రం అత్తగారు బల్ల తుడుస్తూ ఆ ముద్దని పక్కకి జరపబోయి ఆగిపోయింది. ఎత్తి చూసింది. గోరుతో గీసింది. గీసినచోట తళుక్కుమంది.

"ఇదెక్కడిదే?"

"బడి తోటలోది అత్తయ్యా. గోడ పక్కన తవ్వితే బోలెడు దొరికాయి."

"ఏ గోడ? కాలువ వైపు గోడా?"

"కాలువేముంది అక్కడ? రోడ్డేగా."

అత్తగారు కుర్చీలో కూలబడింది. "ఇప్పుడు రోడ్డు. నేను కాపురానికి వచ్చినప్పుడు కాలువే. ఆ గట్టున మేం అద్దెకుండేవాళ్ళం. మా ఇంటెనకే రేకుల షెడ్డు. పాత బ్యాటరీలు తెచ్చి పగలగొట్టేవాళ్ళు. లోపలి సీసం కరిగించి అమ్ముకునేవాళ్ళు. పొగ వస్తే కళ్ళు మంటలు. ఆరేసిన బట్టలకి చిల్లులు పడేవే! ఆ బ్యాటరీల నల్ల పెంకులన్నీ కాలువ గట్టునే పోసేవాళ్ళు. మీ బడి ముఖద్వారం అవతలి వీధిలో ఉండబట్టి నాకు తోచనే లేదు... అక్కడేనా మీరు ఆకుకూరలు వేసింది?"

ఆమె ఆ ముద్దని అందుకుని గుమ్మం బయట పెట్టొచ్చింది. సీసం ఒంట్లోకి పోతే పిల్లలకి మంచిది కాదని ఎక్కడో చదివిన జ్ఞాపకం. ఎంత మంచిది కాదో తెలియదు. ఫోను తీసి వెతికింది. మట్టి అంటిన చేతులు నోట్లో పెట్టుకుంటే చాలట. ఆకుకూరలకీ దుంపలకీ ఎక్కువ పడుతుందట. చిన్నపిల్లల బుర్ర ఎదుగుదల మీద దెబ్బ కొడుతుందట. పైకి ఏమీ కనబడదట.

పండు పక్క గదిలో బొమ్మకి జడ వేస్తూ పాట పాడుకుంటోంది. ఆమె వెళ్ళి పిల్ల చెయ్యి పట్టుకుని స్నానాల గదిలోకి లాక్కెళ్ళింది. గోళ్ళు కత్తిరించింది. బ్రష్షుతో వేళ్ళు తోమింది. తోముతూనే ఉంది. "అమ్మా, నొప్పి" అని పిల్ల ఏడిస్తే గానీ చెయ్యి ఆగలేదు. వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. ఆ వేళ్ళని కొంగులో పెట్టుకుని ఆమె కూడా ఏడ్చింది.

మర్నాడు అందరికంటే ముందు బడికి వెళ్ళి తోట తలుపుకి తాళం వేసింది. ఎందుకని పిల్లలు అడిగితే, "పురుగుల మందు కొట్టాం, రావద్దు" అంది. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు, మొహం కందగడ్డలా అయింది. ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి, ఒక్కో మడి నుంచి కాస్త మట్టి వేరువేరు సంచుల్లో కట్టుకుని, ఊరి చివర వ్యవసాయ కళాశాలకి తీసుకెళ్ళింది. మట్టి పరీక్ష చేసే అమ్మాయి ఆ సంచుల్ని అందుకుని, ఫోను చేస్తానంది.

ఆ ఫోను కోసం ఎదురుచూసిన రోజులు ఆమెకి నిద్ర లేదు, తిండి లేదు. పండు కడుపు నొప్పి అంటే భయం. పండు నవ్వితే, ఇంత గట్టిగా ఎందుకు నవ్వింది అని భయం. క్లాసులో పిల్లల మొహాలు ఒక్కొక్కటే పరీక్షగా చూసేది. ఆ వెనక బెంచీ పాప మొదటి నుంచీ పాలిపోయే ఉండేదా? ఈ పిల్ల ఇదివరకు ఇంత మందకొడిగా ఉండేదా? బొమ్మలు దిద్దుతూ, చెయ్యి వణికిన గీతలన్నీ పక్కన పెట్టి చూసుకునేది. చిన్నపిల్లల గీతలు ఎప్పుడూ వణుకుతాయని ఆమెకి తెలుసు. తెలిసినా చూసేది.

ఫోను వచ్చింది. స్టాఫ్ రూములో ఒంటరిగా ఉంది.

"టీచర్ గారూ, ఒక మాట అడగొచ్చా? ఆ మట్టిలో పండింది ఎవరైనా తిన్నారా?"

"పిల్లలు తిన్నారు" అంది ఆమె.

"గోడ పక్క మడిలో సీసం మరీ ఎక్కువుంది. మిగతా మడుల్లో కొంచెం తక్కువ గానీ, ఆకుకూరలు వెయ్యాల్సిన నేల కాదండీ అది. పిల్లల్ని దాని దగ్గరికి రానివ్వకండి."

ఆమె నేరుగా హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళి, నిలబడే అంతా చెప్పింది. పెద్దావిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఒక్కో గది కోసం ఒక్కో గుమ్మం ఎక్కి ఆ బడిని నిలబెట్టిన మనిషి.

"ఈ సంగతి బయటికి పొక్కితే బడి మూయించేస్తారమ్మా. ఈ చుట్టుపక్కల ఇంకో బడి లేదు. ఆడపిల్లల్ని దూరం పంపరు, మానిపించేస్తారు. తాళం వేశావుగా. పరీక్షలయ్యేదాకా ఆగుదాం. సెలవుల్లో ఆ మట్టి తీయించేద్దాం. ఎవరినీ భయపెట్టకుండా."

పెద్దావిడ కళ్ళజోడు తీసుకుని, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తోంది. అది చూసి ఆమె, "అలాగే మేడం" అనేసింది.

బయటికి వచ్చి కొళాయిల వైపు తిరిగేసరికి జడల పిల్ల, దాని చుట్టూ నలుగురైదుగురు చిన్నపిల్లలు. గట్టు మీద మట్టి ముల్లంగులు కుప్పగా ఉన్నాయి. ట్యాంకు పక్క సందులోంచి దూరి పీక్కొచ్చారు.

"ఎండిపోతున్నాయి టీచర్. నీళ్ళు పొయ్యట్లేదుగా. పాపం అనిపించి..."

ఒకటో తరగతి పాప నోట్లో ముల్లంగి ముక్క ఉంది. ఆమె ఒక్క దూకులో వెళ్ళి, ఆ పాప నోట్లో వేలు పెట్టి ముక్క బయటికి లాగింది. చేతిలోది విసిరికొట్టింది. పాప బిక్కచచ్చి, గుక్కపట్టి ఏడ్చింది. జడల పిల్ల వెనక్కి వెనక్కి అడుగులేసింది. ఆ టీచర్ ఎప్పుడూ ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు మరి.

ఆమె తడి నేల మీదే చతికిలబడింది. పాపని ఒళ్ళోకి తీసుకుని నోరు కడిగింది. తాళం ఎంత గట్టిదైనా వీళ్ళు దూరతారు. మొక్కలు చచ్చిపోతున్నాయని దూరతారు. మొక్కల మీద జాలి పడమని నేర్పింది తనే.

మళ్ళీ హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళింది. ఈసారి కూర్చుంది, నిలబడే ఓపిక లేక.

"మేడం, నేను ఆగలేను. రేపే పిల్లల అమ్మానాన్నల్ని పిలిచి చెప్తాను. మీరు నన్ను ఉద్యోగంలోంచి పంపేసినా సరే."

"ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలీదు మేడం. చచ్చేంత భయంగా ఉంది. కానీ చెప్పకపోతే ఇంతకంటే భయంగా ఉంటుంది."

పెద్దావిడ కిటికీలోంచి కొళాయిల దగ్గర ఏడుస్తున్న పాపని చూసింది. చివరికి, "నువ్వొక్కదానివే చెప్పడమేంటి, నేను పక్కన నిలబడతాను" అని ఫోను అందుకుంది.

మర్నాటి సాయంత్రం ఆరుబయట బెంచీలన్నీ నిండిపోయాయి. మాట్లాడేముందు ఆమె కాళ్ళు ఎంత వణికాయంటే, బల్లని పట్టుకుంటే బల్ల కూడా టకటకలాడింది. దాచకుండా చెప్పింది. ఎక్కడ తవ్వారో, ఏం దొరికిందో, ఏం తిన్నారో. తన కూతురే అందరికంటే ఎక్కువ తిన్నదని కూడా చెప్పింది.

ఒక్కసారిగా గోల. జడల పిల్ల తండ్రి తాపీమేస్త్రీ. లేచి ముందుకు దూసుకొచ్చాడు. "పిల్లల్ని చదువుకోమని పంపిస్తే విషం తినిపిస్తారా? తోటంట, తోట! ఎవరడిగారమ్మా మిమ్మల్ని?"

"తప్పే. ఆ నేల మీద ఇదివరకు ఏముండేదో అడగాలని నాకు తోచలేదు" అంది ఆమె. అతను ఇంకా ఏదో అనబోయి, పళ్ళు బిగించి, కూతుర్ని చంకనేసుకుని వెళ్ళిపోయాడు. అంత పెద్దపిల్లని, పసిపిల్లలా.

ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళు డ్రాయింగ్ గదిలోనే పిల్లల రక్తం తీశారు. సూది చూసి పిల్లలు ఏడుస్తుంటే ఆమె ఒక్కొక్కళ్ళ తల తన వైపు తిప్పుకుని, కళ్ళు మూసి పట్టుకుంది. పండు వంతు వచ్చినప్పుడు పట్టుకోలేకపోయింది. హెడ్మిస్ట్రెస్ పట్టుకుంది.

ఫలితాలు వచ్చాయి. చాలామందికి ఫరవాలేదు. కొందరికి ఉండాల్సినదానికంటే ఎక్కువుంది, జడల పిల్లకి కూడా. పండుకి అందరికంటే ఎక్కువ.

డాక్టరమ్మ మెత్తగా మాట్లాడే మనిషి. "మందులతో తీయాల్సినంత లేదు. లోపలికి పోయే దారి మూసేశారు కాబట్టి మెల్లగా తగ్గుతుంది. పాలు, గుడ్లు, ఆకుకూరలు బాగా పెట్టండి."

"ఆకుకూరలా?" అన్నాడు భర్త, నవ్వాలో ఏడవాలో తెలియక.

"శుభ్రమైన నేలలో పండినవి."

"డాక్టరుగారూ, ఇప్పటిదాకా ఏమైనా... దాని చదువుకి, బుర్రకి..." ఆమె మాట పూర్తి చెయ్యలేకపోయింది.

డాక్టరమ్మ రిపోర్టుని మడిచి ఆమె చేతికిచ్చింది. "ఏమీ కాకపోవచ్చమ్మా. కొంచెం అయినా అయ్యుండొచ్చు. ఇది ఎవరూ కొలిచి చెప్పలేరు."

బడి మూతపడలేదు. కొందరు పిల్లల్ని మానిపించారు. మున్సిపాలిటీ నుంచి మనుషులు వచ్చి, మూతులకి గుడ్డలు కట్టుకుని, గోడ పక్క మట్టిని లోతుగా తవ్వి, లారీల్లో ఎక్కడికో తీసుకెళ్ళారు. ఎక్కడికి, అని ఆమె అడిగింది. ఇంకెవరి పిల్లలో అక్కడ తోట వేస్తారేమోనని. వాళ్ళు విసుక్కున్నారు. ఊరుకోకుండా, ఆ చోటు తన కళ్ళతో చూసేదాకా వాళ్ళ ఆఫీసు గుమ్మం వదల్లేదు. ఊరికి దూరంగా, అడుగున మందపాటి పట్టా పరిచి, చుట్టూ కంచె వేసిన గొయ్యి. చూసొచ్చాక కూడా ఆ పట్టా ఎన్నాళ్ళు ఆగుతుందో అని భయపడింది.

మిగిలిన జాగాకి కొత్త మట్టి కప్పి గడ్డి నాటారు. ఇక తోట మాట ఎత్తరనుకున్నారు అందరూ. కొన్నాళ్ళకి పిల్లలే ఎత్తారు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ముందు పిల్లల్ని వెంటేసుకుని చుట్టుపక్కల వీధులన్నీ తిరిగింది. ముసలివాళ్ళు కనబడితే చాలు, "ఇక్కడ ఇదివరకు ఏముండేది?" అని అడిగించింది. ఒకచోట రంగులద్దే షెడ్డు, ఒకచోట తోళ్ళు నానబెట్టే తొట్లు, ఒకచోట ఉత్త పొలం. అత్తగారు అరుగు మీద కూర్చుని, పోయిన కాలువ ఎటు వంపు తిరిగేదో చేత్తో చూపిస్తుంటే, పిల్లలు పెద్ద కాగితం మీద గీశారు. ఆ కాగితం హెడ్మిస్ట్రెస్ గదిలో గోడకి అంటించారు. చూసిన వాళ్ళందరూ ముందు తమ ఇల్లు ఎక్కడుందా అని వెతుక్కునేవారు, తరువాత దాని కింద ఇదివరకు ఏముండేదో వంగి చదివేవారు.

కొత్త మడులు బడి ముందు వైపు, సిమెంటు గచ్చు మీద కట్టారు. నడుం ఎత్తు ఇటుక తొట్లు, లోపల పరీక్ష చేయించి తెచ్చిన మట్టి, సిమెంటు తొట్టిలో కొత్తగా చేసిన ఎరువు. కట్టింది తాపీమేస్త్రీ. ఎవరూ పిలవలేదు. ఒకరోజు పొద్దున్నే తాపీ, తూకంగుండు పట్టుకుని వచ్చి పని మొదలుపెట్టేశాడు. ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆఖరి ఇటుక పెట్టాక, చేతులు కడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండా, "మా పిల్లకి తగ్గిందంట. నిన్న చెప్పారు" అన్నాడు.

"మా దానికీ తగ్గుతోందన్నయ్యా."

"ఊఁ" అన్నాడు. అంతే.

ఆ తొట్లలో చిక్కుళ్ళు కాశాయి. పాలకూర వచ్చింది. కోసే ముందు ఆకులు కూడా పరీక్షకి పంపించింది. బాగున్నాయని కబురు వచ్చాక కూడా కత్తెర పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది. జడల పిల్ల వచ్చి, "నేను కొయ్యనా టీచర్?" అని మెల్లిగా కత్తెర తీసుకుంది.

పండు ఇప్పుడు ఐదో తరగతి. రక్తంలో సీసం భయపడాల్సినంత లేదని డాక్టరమ్మ అంది. పరుగెడుతుంది, పోట్లాడుతుంది, జడ వెయ్యనివ్వదు. మొన్న సాయంత్రం వంటింటి గుమ్మంలో కూర్చుని ఎక్కం అప్పజెబుతూ, మధ్యలో ఆగిపోయింది. నుదురు ముడేసుకుని, పెదవులు కదుపుతూ, పైకి చూస్తూ ఉండిపోయింది. నిన్ననే గడగడా చెప్పిన ఎక్కం.

చిక్కుళ్ళు ఒలుస్తున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"పిల్లలన్నాక మర్చిపోతారు" అన్నాడు భర్త, ఆమె మొహం చూసి. "నాకు ఇప్పటికీ రాదు ఆ ఎక్కం."

"అవును" అంది ఆమె. "తొందరేం లేదు పండూ. మొదట్నుంచి చెప్పు."

పండు మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె చిక్కుడు గింజల మీద చూపు నిలిపి, చెవులు మాత్రం పిల్ల గొంతుకి అప్పగించి, ఒక్కో అంకెకీ ఊపిరి బిగబట్టి వింటూ కూర్చుంది.